టూ స్ట్రోక్ బండికి తగిన దారి

ఫిల్మ్ నగర్ కేంద్రంగా నడిచే మన సినిమా రంగం 2018లో అజయ్ భూపతి దర్శకత్వంలో ‘ఆర్‌ఎక్స్ 100’ తెచ్చి, 1996లోనే తయారీ ఆగిపోయిన యమహా బండి పేరును కుర్రకారు నోట మళ్లీ పలికించింది. ఆ బండి అనగానే అందరూ దాని శబ్దాన్నే తలుచుకుంటారు. అసలు గొప్పతనం తేలికదనంలో ఉందని నా అభిప్రాయం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి శక్తినిస్తుంది. ఆ బండిలోని టూ స్ట్రోక్ ఇంజన్ ప్రతి చుట్టుకూ ఇస్తుంది. దానికి వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టు కూడా అక్కర్లేదు. అందుకే 98 సీసీల చిన్న ఇంజన్ సుమారు 100 కిలోల బండికి 11 హార్స్‌పవర్ ఇవ్వగలిగింది. రాళ్లు, బురద, గుంతలున్న దారిలో ఈ తేలికదనమే ప్రాణం: ముందు చక్రం సులువుగా లేస్తుంది, పడిన బండిని ఒక్కరే లేపుకోగలరు. కఠినమైన దారుల్లో సాగే ఎండ్యూరో పోటీల్లో ఈ ఇంజన్లు నేటికీ నిలిచి ఉన్నది ఇందుకే.

పల్లంలో టూ స్ట్రోక్ ఇంజన్ బండిని పట్టి ఆపదని కొందరంటారు. నిజమే, జూబ్లీహిల్స్ లాంటి రాతి కొండల వాలులో బ్రేకుల మీదే ఎక్కువ ఆధారపడాలి. అది సాధనతో వచ్చే పని. పొగ సంగతిని మాత్రం కొట్టిపారేయలేం. పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది, కాలని మిశ్రమం కొంత సైలెన్సర్ గుండా గాలిలో కలుస్తుంది. బండ్ల తయారీ సంస్థ కేటీఎం 2018 మోడళ్లలో తెచ్చిన ఇంజెక్షన్ విధానం ఆ నష్టాన్ని తగ్గించింది, పూర్తిగా పోగొట్టలేదు. పొగకు తోడు శబ్దం కూడా జనానికి ఇబ్బందే కాబట్టి సైలెన్సర్ మార్చిన పాత బండితో రాత్రివేళ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు రాకండి. హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలు వేసుకుని ఊరి బయటి మట్టి ట్రాక్ మీదే నడపండి.