కుక్కలకు పచ్చి మాంసము: కొనుట, నిలువ చేయుట



సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతమున కర్మాగారములు పెరిగిన కొలది కావలి కుక్కలును పెరిగినవి. వానికి వండని మాంసము పెట్టువారు, నెలకు సరిపడ ఒక్కమారే కొని దాచువారు కలరు. కుక్క బరువులో నూటికి రెండు మూడు పాళ్ళు దినమునకు కావలెనని వారి లెక్క. 25 కిలోల కుక్కకు నెలకు 15 కిలోలు దాటును.

ఇంత కొనువాడు అగ్గువ ధర చూచుట సహజము. దుకాణము మూయు వేళ మిగిలిన కోడి మెడలు, కాళ్ళు, తోళ్ళు మూటగట్టి ఇత్తురు. అవి ఉదయము నుండి వేడిలో నున్నవను మాట మరువరాదు. రుద్రారములోని అల్‌కబీర్ కబేళా వ్యాజ్యమున 2006లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడిన సంగతి మీలో పెక్కు రెఱుగుదురు. ఆ వాదము నేటి మన విషయము కాదు. ఎగుమతి మాంసమునకు గల కట్టుబాట్లు మాత్రము గమనింపదగినవి: కోతకు ముందును పిదపను పశువైద్య పరీక్ష జరుగును, మాంసమును జాగు సేయక చల్లబరతురు.

ఇంటనైనను పద్ధతి యిదియే. ఉదయము కోసినది కొని, పూటకొక పలుచని పొట్లముగా కట్టి, తేదీ వ్రాసి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో ఉంచవలెను. పెద్ద మూట పైన గడ్డకట్టినను లోపల చాలసేపు వెచ్చగనే యుండును. కరెంటు పోయి కరిగి వేడెక్కిన దానిని పారవేయవలసినదే. గడ్డకట్టించినంతనే సాల్మొనెల్లా క్రిములు చావవు. కావున ఎముకలు తీసి, ఉడికించి పెట్టుటయే మేలని మేము తలంతుము. ఉడికిన ఎముక పెళుసై చీలి కుక్క గొంతున గ్రుచ్చుకొనును.

ఫ్రిజ్ లేని యిండ్లకును సంబంధించిన ముప్పు మరియొకటి కలదు. బోనాలకు, దసరాకు ఇంటింట మేకను, గొఱ్ఱెను కోసి, పనికిరాని కార్జము, ఊపిరితిత్తులు కుక్కలకు విసరుట మన అలవాటు. వానిలో ఒక్కొక్కప్పుడు నీటి బుడగలు కనబడును. ఆ బుడగలను పచ్చిగా తిన్న కుక్క ప్రేవులలో చిన్న బద్దె పురుగులు పెరుగును. కుక్క ఆరోగ్యముగనే కానవచ్చును. కాని దాని మలముతో వెలువడు గ్రుడ్లు చేతులకు, ఆకుకూరలకు అంటి మన కడుపు చేరును. ఏండ్లు గడచిన పిదప మనుష్యుని కార్జమున అవే బుడగలు బయటపడును. పెక్కు మారులు శస్త్రచికిత్స తప్పదు. దీనినే హైడాటిడ్ వ్యాధి యందురు.

బుడగలున్న అవయవమును కాల్చవలెను, లేదా లోతుగా పాతవలెను. ఊరి కోత స్థలమున కుక్క త్రవ్వజాలని గుంట, మూత, చుట్టు కంచె ఏర్పరచుట పంచాయతీ చేయదగిన పని. కుక్కలకు బద్దె పురుగు మందును పశువైద్యుని అడిగి వేయింపుడు. గుంటను దసరాకు వారము ముందే త్రవ్వించుట మంచిది. పండుగనాడు గడ్డపార పట్టువాడు దొరకడు.