జవాబు రాని ప్రశ్న



ఎన్నికల్లో నిలబడినవారు దేశరక్షణ గురించి, విదేశాంగ విధానం గురించి మాట్లాడితే మనం చప్పట్లు కొడతాం గాని ప్రశ్నలు వేయం. దాని ఫలితమేమిటో 1962 ఫిబ్రవరి నాటి ఉత్తర బొంబాయి లోక్‌సభ ఎన్నిక చెబుతుంది.

అక్కడ కాంగ్రెసు అభ్యర్థి రక్షణమంత్రి వి.కె. కృష్ణ మీనన్ గారు. 1957లో భద్రతామండలిలో కాశ్మీరుపై దాదాపు ఎనిమిది గంటలు వాదించిన దిట్ట. దేశానికి అలీన విధానమే శ్రీరామరక్ష అని, ఆయుధాలు మనమే తయారుచేసుకోవాలని, ప్రధానమైన ముప్పు పాకిస్తాన్ నుంచేనని ఆయన అభిప్రాయం. గోవా విముక్తి జరిగి అప్పటికి రెండు నెలలే. నెహ్రూ గారు స్వయంగా ప్రచారం చేశారు.

ఆయనపై పోటీచేసినవారు ఆచార్య కృపలానీ. చైనా మన భూమిని ఆక్రమించుకుంటూంటే రక్షణశాఖ ఏంచేస్తోందన్నది ఆయన ప్రశ్న. మీనన్ గారు లక్షకు పైగా ఓట్ల మెజారిటీతో గెలిచారు. ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు.

అక్టోబరు 20న చైనా దాడిచేసింది. చలికి తగిన దుస్తులు కూడా చాలక మన జవాన్లు ఆ మంచుకొండల్లో పోరాడారు. నవంబరు 7న మీనన్ గారు రాజీనామా చేశారు. తప్పంతా ఆయనొక్కరిదే అనడం న్యాయం కాదు. స్వదేశీ ఆయుధాల విషయంలో ఆయన చూపు సరైనదే. కాని జవాబుదారీ మంత్రి ఆయనే.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా బడిలో జాతీయ రక్షణ నిధికి విరాళాలు పోగుచేస్తుంటే మా అమ్మ తన వేలి ఉంగరం తీసి నా చేతిలో పెట్టింది. ఇంట్లో ఉన్న బంగారం అదొక్కటే. మళ్లీ చేయించుకోలేకపోయింది.

జాబుకు జవాబు రాకుండా ఫైలు మూయరాదని మనకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు. ఓటరుకూ అదే ధర్మం. లోక్‌సభ అభ్యర్థి శత్రువును తిట్టినంత మాత్రాన సరిపోదు. సైన్యానికి ఏమి సమకూరుస్తారో, డబ్బు ఎక్కడిదో, ఇరుగుపొరుగుతో ఎలా మెలగాలంటారో అడగాలి. శాసనసభ అభ్యర్థి ఈ విషయాలపై ఓటడిగితే, రక్షణ, విదేశ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవి గనుక, "అయ్యా, అది మీ సీటు ఫైలు కాదు. మా ఊరి ఆసుపత్రి సంగతి చెప్పండి" అనాలి.