జమ్మిచెట్టు కాడికా, నాగపూరుకా?

(దసరాకు రెండు నెలల ముందు వాడ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దసరా ఇంకా రెండు నెలలుంది, ఇప్పుడే మీటింగేందని కొందరు నవ్వుతున్నరు. నవ్వనియ్యండి. రైలు టిక్కెట్టు బుకింగు 60 రోజుల ముందే తెరుస్తారు. షావుకారి మన పేరు మీద ఖాతా అంతకంటే ముందే తెరుస్తాడు. ఆలస్యం చేసేది మనమొక్కళ్లమే.

పోయిన దసరా లెక్క వాడలో కూర్చొని వేసుకున్నాం. పిల్లల బట్టలు, ఆడబిడ్డకు చీర, యాటకూర, కల్లు, సీసా, పట్నంలో అడ్డా కూలికి పోయినోళ్లు వచ్చిపోయే చార్జీలు. ఇంటికి పదివేలకు తక్కువ తేలలేదు. ఆ పదివేలు ఎవరి చేతిలోవి? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. నెలకు 300. ఉగాది వచ్చేసరికి వడ్డీయే 1,800. మళ్లీ దసరా నాటికి 3,600. అంటే ఒక పండుగ అప్పు తీరకముందే ఇంకో పండుగ అప్పు దాని నెత్తినెక్కి కూర్చుంటుంది.

వడ్డీతో పోతే నయమే. అప్పిచ్చినాయన ఒక మాట తీసుకుంటాడు: "పత్తి నాకే పొయ్యాలె." కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో మొదటి ఏరుడు సరిగ్గా పండుగ ముందూ వెనకా వస్తుంది. తూకం ఆయనదే, తరుగు ఆయనదే, తేమ ఉందని ధర తగ్గించేదీ ఆయనే. అప్పున్నోడు ఇంకో కాంటా కాడికి పోలేడు. కొత్త అంగీ రంగు పోకముందే పత్తి పోయింది.

పండుగ చేసుకోవద్దని మేం అనడం లేదు. ఏడాదికొకసారి బిడ్డకు కొత్త బట్ట తొడగొద్దని చెప్పడానికి మేమెవరం? మేం కూడా కూర తినేటోళ్లమే. యాటను పది ఇళ్లు పొత్తుకు కొని పోగులేసుకుందాం. బట్టలు పండుగ వారంలో ఖాతా మీద కాదు, ఈ నెల నుంచే కూలి డబ్బుల్లో ఇంత పక్కనబెట్టి నగదుకు కొందాం. సీసా సంగతి ఆడోళ్లు మాట్లాడతారు, మేం మాట్లాడితే ఎవరూ వినరు.

ఇక డప్పు సంగతి. దసరా పొద్దుగూకే ముందు ఊరు ఊరంతా జమ్మిచెట్టు కాడికి పోతుంది. ముందు మన డప్పు నడవాలి. చెట్టు కాడికి పోయినంక మనం దూరంగా నిలబడాలి. వాళ్లు జమ్మి ఆకు చేతిలో పెట్టుకొని బంగారమని ఒకరినొకరు అలాయిబలాయి తీసుకుంటారు. మనకు మామూలు, ఒక సీసా, ఇంత కూర. దీన్ని మర్యాద అంటారు. కూలి చెప్పకుండా, కాదనే హక్కు లేకుండా చేయించే పనికి వెట్టి అని పేరు. రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం మన చేత వెట్టి చేయించడం నేరం. 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ చేసినా, చేస్తామని బెదిరించినా నేరమే.

చట్టం చెబితే భయం పోదని మాకూ తెలుసు. పోయినేడు మన పిల్లలు ముగ్గురు డప్పు కొట్టమన్నారు. తెల్లారి నుంచి పది రోజులు మన ఆడోళ్లను పత్తి ఏరడానికి ఎవరూ పిలవలేదు. వాడలోనే కొందరు ఆ పిల్లల మీద మన్ను పోశారు. పత్తి పగిలి నేల రాలుతుంటే పదకొండో రోజు వాళ్లే ఆటో పంపారు. ఆ పది రోజులు ఎట్ల గడిచాయో పొయ్యిలకు తెలుసు. అందుకే ఈసారి ముగ్గురు కాదు, అందరం అనుకొని చేయాలి. ప్రతి ఇంటి నుంచి రెండు శేర్ల బియ్యం ముందే పోగు చేసి పెట్టాలి.

ఆ రోజు ఎక్కడ ఉందాం? నాగపూరులో ఉందాం. 1935 అక్టోబరు 13న యేవలాలో బాబాసాహెబు హిందువుగా చావనని చెప్పాడు. 21 ఏళ్లు ఆలోచించి 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. అది విజయదశమి రోజు. అశోకుడు కత్తి దించి ధర్మం పట్టిన రోజుగా చెప్పుకునే రోజు. మరో రెండు నెలలు నిండకముందే, డిసెంబరు 6న మనల్ని విడిచిపోయాడు. ఆ దీక్షాభూమికి ఏటా దసరాకు మన పల్లెల నుంచి కూడా జనం పోతున్నారు.

బతుకమ్మ ఎట్లని అక్కలు అడిగారు. సద్దుల బతుకమ్మ మన వాడలోనే ఆడుకొని, తెల్లారి కాజీపేట పోదాం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్లకు 2023 డిసెంబరు నుంచి టిక్కెట్టు లేదు గాని ఆధార్ కార్డు మరవొద్దు. రాత్రి రైలెక్కితే దసరా పొద్దుకు నాగపూరు. 2024 సెప్టెంబరులో సికింద్రాబాదు నుంచి నాగపూరుకు వందే భారత్ వేశారు, ఆ టిక్కెట్టు మన కూలికి అందదు. ముసలోళ్లకు, బాలింతలకు స్లీపరు చేయిద్దాం, తక్కినోళ్లం జనరల్ పెట్టె.

అక్కడ జనం ఇసకేస్తే రాలరు. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. దుప్పటి, నీళ్ల సీసా, రెండు పూటల సద్ది. అన్నం ఉచితంగా పెట్టే సంఘాలు చాలా ఉంటాయి, మొహమాటపడొద్దు. పుస్తకాల కొట్లు వరసగా ఉంటాయి గాని ఎక్కువ మరాఠీ, హిందీవి. తెలుగు పుస్తకాలు వచ్చేటప్పుడు హైదరాబాదులో కొందాం. డప్పులు మనతోనే వస్తాయి. తోలు ఆరబెట్టి, పాత గుడ్డలో చుట్టి ఉంచండి.

పశువులకు, ముసలోళ్లకు వాడలో ఎవరు ఆగుతారో వాళ్ల పేర్లు ముందు చెప్పండి. పోయేటోళ్ల పేర్లు, వయసులు ఆదివారం లోపు సంఘం అక్క దగ్గర రాయించండి. చార్జీ వారానికి వందేసి కట్టొచ్చు. ఆ డబ్బు ఎవరూ వడ్డీకి తేవద్దు.