కూర్చున్న చోటు, విడిచిన ఊరు

(బాపట్లలో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి స్మృత్యర్థము చేసిన ఉపన్యాసము)



ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పడసి తిరిగివచ్చి, 1921వ సంవత్సరమున చీరాల-పేరాల ప్రజలచేత ఇల్లు వాకిళ్లు విడిపించి, ఊరివెలుపల రామనగరమను పాకల పట్టణమున కాపురముంచిన గోపాలకృష్ణయ్యగారి స్మృతికి తగిన కానుక యేదియని చాలదినము లాలోచించితిని. ఆయన పాడిన పాటలను, నడపిన రామదండను సేవాదళమును గూర్చి ఈ సీమవారికి నేను చెప్పవలసిన పని లేదు. ఆయన కన్నుమూసిన యిరువదియేడేండ్లకు, భూగోళమున కావలివైపున, ఆయన పేరెన్నడును విననివారు ఆయన మార్గముననే యెట్లు నడచిరో చెప్పి, ఆ దారి మరల మన గడపకే యెట్లు వచ్చినదో చూపదలచితిని.

వారి యూరు అమెరికాలోని అలబామా రాష్ట్రపు మాంట్‌గామరీ. ఆ కాలమున అచ్చటి బస్సులలో ముందు వరుసలు తెల్లవారివి, వెనుకవి నల్లవారివి. నల్లవాడు ముందు తలుపున ఎక్కి, డ్రైవరుకు డబ్బు చెల్లించి, దిగి, వెనుక తలుపునకు పోయి మరల ఎక్కవలసియుండెను. ఈలోపున బస్సు కదలిపోయిన సందర్భములును గలవు. ముందు వరుసలు నిండినచో నడుమ కూర్చున్న నల్లవారు లేచి చోటీయవలసియుండెను. 1955 డిసెంబరు 1వ తేదీ గురువారము సాయంకాలము, దుకాణములో కుట్టుపని ముగించుకొని ఇంటికి పోవుచున్న రోజా పార్క్స్ అట్లు లేవననెను, పోలీసులామెను పట్టుకొనిపోయిరి. ఆ యేడే మార్చి నెలలో క్లాడెట్ కాల్విన్ అను పదునైదేండ్ల బాలిక అదే యూరి బస్సులో అట్లే లేవనని బేడీలు వేయించుకొన్నది. ఆ పిల్ల పేరును లోకము చాలకాలము మరచినది. మనమైనను ఆమెను ముందు తలచుట న్యాయము.

ఒక స్త్రీ లేవకుండుటకు గుండెదిటవు చాలును గాని, ఊరిలోని నల్లవారందరును బస్సెక్కకుండుటకు గుండెదిటవు ఒక్కటే చాలదు. కళాశాలలో ఇంగ్లీషు బోధించు జో ఆన్ రాబిన్సన్ ఆ రాత్రియెల్ల మేలుకొని వేలకొలది కరపత్రములు ముద్రింపగా, సోమవారమునాటికి బస్సులు ఖాళీగా తిరిగినవి. టాక్సీవారు బస్సు కూలికే, అనగా పది సెంట్లకే, జనమును చేరవేసిరి. నగరపాలకులు దానిని నిషేధించిరి. అంతట సుమారు మూడువందల కార్లను సమకూర్చి, ఏ మూలమలుపున ఎప్పుడు ఎవరిని ఎక్కించుకొనవలయునో నిర్ణయించి, చర్చిలు కొనిన బండ్లను వానికి జోడించి నడపిరి. అవియు అందనివారు నడచిరి. ఇతరుల యిండ్లలో వంటలు చేసి, బట్టలుతికి బ్రతుకు స్త్రీలు వానలో చలిలో నడచిన ఆ నడకయే ఉద్యమమునకు ప్రాణమని నా నమ్మకము. ఇరువదియారేండ్ల పాదరి మార్టిన్ లూథర్ కింగు ప్రసంగములు ఆ పాదములకు లభించిన వాక్కు. 1956 జనవరి 30న ఆయన యింటిపై బాంబు పడినపుడు, ఆయుధములతో మూగిన జనమును ఆయనయే శాంతింపజేసి పంపివేసెను. కాల్విన్, ఆరేలియా బ్రౌడర్ మొదలైన నలుగురు స్త్రీలు వేసిన దావాలో, నవంబరు 13న సుప్రీంకోర్టు బస్సులలోని వర్ణభేదము రాజ్యాంగవిరుద్ధమని తీర్పును ఖాయపరచినది. 381 దినముల పిమ్మట వారు ముందు తలుపుననే ఎక్కి, తమకు నచ్చినచోట కూర్చుండిరి.

దక్షిణాఫ్రికాలోను ఇదియే కథ. 1860లో మద్రాసునుండి ట్రూరో ఓడ మొదటి కూలీలను చేర్చిన డర్బనులో, మన తెలుగువారి సంతతియు బ్రతుకుచున్న ఆ నగరమున, 1952 ఆగస్టు 31న అచ్చటి భారతీయుల నాయకుడైన డాక్టరు నాయకర్‌తో కలసి భారతీయులు, ఆఫ్రికనులు బెరియా రోడ్డు స్టేషనులో తెల్లవారి విశ్రాంతిగదిలో ప్రవేశించి చెరసాల కేగిరి.

ఇక మన గడప. చీరాలవారు విడిచినది బస్సు కాదు, ఊరు. మునిసిపాలిటీ పేర పన్ను అనేకరెట్లు పెరుగగా, సుమారు పదునైదువేల జనములో అత్యధికులు పదునొకండు నెలలు పాకలలో ఎండకు ఎండి వానకు తడిసిరి. నాయకుడు జైలుపాలైన పిదప వారు ఇండ్లకు మరలిరి, మునిసిపాలిటీ నిలిచినది. అయినను మనము దానిని ఓటమి యనము, పాఠ్యపుస్తకములలో వ్రాసికొంటిమి. మంచిదే. కాని అదే చీరాలకు 1985 జూలైలో మరియొక జనము ఊరు విడిచి వచ్చినది. తాము త్రాగు చెరువునీటిని మురికిచేయవలదన్నందుకు, జూలై 17న కారంచేడు మాదిగపల్లెపై దాడి జరిగి ఆరుగురు హతులుగా, మిగిలినవారు చీరాల చర్చి ఆవరణమున చేరి, తిరిగి ఆ యూరికి పోమని నిలిచిరి. ఆ సెప్టెంబరులోనే తెనాలిలో దళిత మహాసభ పుట్టినది. బొజ్జా తారకంగారు, కత్తి పద్మారావుగారు దాని సారథులు. రామనగరమును కీర్తించు నోటితో చీరాలలోని ఆ శిబిరమును కీర్తింపము. రెండును ఒకే మార్గము. మొదటిది పన్నుకై, రెండవది ప్రాణమునకును మానమునకును. రెండవదియే గొప్పదని నా నిశ్చయము.

చోటు మాటకు మరల వత్తును. తెనాలి-రేపల్లె బండిలో టిక్కెట్టు కొన్నవాడు ఏ కులమువాడైనను అదే బల్లపై కూర్చుండును. టిక్కెట్టునకు కులము లేదు, రంగు లేదు. కొందరు సహింపలేనిది సరిగా దానినే. మాంట్‌గామరీలో చోటు బస్సులోనిది. తెనాలికి ప్రక్కనే యున్న చుండూరువారి విషయమున అది సినిమాహాలులోనిది. 1991 జూలైలో, ఆ హాలులో ఒక దళిత యువకుని కాలు ముందు సీటువానికి తగిలినదను మాట రగిలి, ఆగస్టు 6న ఎనమండుగురు దళితులు నరకబడిరి. శవములను గోనెసంచులలో కట్టి కాలువపాలు చేసిరి. అప్పుడును బాధితులు కత్తి పట్టలేదు. తెనాలిలో శిబిరముండి, మృతులను ఊరినడుమనే ఖననము చేసి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరిడి, విచారణ తమ యూరిలోనే జరుగవలెనని పట్టుబట్టి, ప్రత్యేక న్యాయస్థానమును అచ్చటికే రప్పించుకొనిరి. 2007 జూలై 31న అది ఇరువదియొక్కరికి యావజ్జీవశిక్ష విధించినది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరిని విడిచిపెట్టినది.

ఈ సభ ముగిసినపిదప మీలో చాలమంది తెనాలి బండి యెక్కుదురు. రేపల్లెవారు తెనాలిలో బండి మారుదురు. బాపట్లకును తెనాలికిని నడుమ చుండూరు స్టేషను వచ్చును. ఒకనాడైన అచ్చట దిగి, రక్తక్షేత్రము వరకు నడచి, ఆ సమాధుల యెదుట కొంతసేపు నిలువుడని మిమ్ము చేతులెత్తి వేడుచున్నాను.