ఇసుక ఫిల్టర్‌కి అసలు పరీక్ష నవంబరు వానే

సూళ్లూరుపేట నుంచి షార్ వైపు బండి మీద వెళ్లినవాళ్లకి ఆ రోడ్డు తెలుసు. రెండు పక్కలా పులికాట్ సరస్సు, మధ్యలో మనం. చలికాలంలో ఫ్లెమింగోలు కనిపించగానే బండి ఆపి ఫోన్ తీస్తాం. ఈరోజు ఆ ఫోన్‌ని కొంచెం వెనక్కి తిప్పుదాం. సరస్సులోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి? ఏం మోసుకొస్తున్నాయి?

నవంబరులో ఒక గంట గట్టి వాన పడ్డాక ఏదైనా లారీల యార్డు ముందో, గోడౌన్ ముందో కాలువ చూడండి. చిక్కటి టీ లాగా ఉంటాయి నీళ్లు. మట్టి, టైర్ల పొడి, ఇంజనాయిల్, సిమెంటు దుమ్ము అన్నీ అందులోనే. ఆ కాలువ ఇంకో కాలువలో కలుస్తుంది. అది కాళంగిలోకో, నేరుగా పల్లంలోకో పోతుంది. మన ప్రాంతం వాలు తూర్పుకి కాబట్టి ఆఖరి స్టాప్ పులికాట్. అసలే లోతు తక్కువ సరస్సు. రాయదొరువు ముఖద్వారం దగ్గర ఇసుక మేట గురించి మత్స్యకారులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. సముద్రం వైపు నుంచి ఇసుక, మన వైపు నుంచి బురద. మధ్యలో నలిగేది చేపలు, వాటి మీద బతికే మనుషులు.

సముద్రం ఇసుక మన చేతిలో లేదు. యార్డు బురద మన చేతిలో ఉంది. దాన్ని ఆపడానికి ఒక సింపుల్ పద్ధతి ఇసుక ఫిల్టర్. ఇది ఇంకుడు గుంత కాదు. ఇంకుడు గుంతలో నీళ్లు భూమిలోకి పోతాయి. ఇసుక ఫిల్టర్‌లో నీళ్లు ఇసుక గుండా దిగి, కింద చిల్లుల పైపులోకి చేరి, శుభ్రపడి మళ్లీ కాలువలోకే వెళ్తాయి. భూమిలో నీరు పైపైనే ఉండే మన తీరంలో, మురికి నీళ్లని ఇంకించడం కంటే ఇలా వడగట్టి వదలడం మంచిది.

సరే, పర్మిట్ సంగతి. అమెరికాలో ఫ్యాక్టరీల వాన నీటికి విడిగా పర్మిట్ ఉంటుంది. 1972 నాటి క్లీన్ వాటర్ చట్టాన్ని 1987లో సవరించి వాన నీటిని కూడా అందులోకి తెచ్చారు. మన దగ్గర అలాంటి విడి పర్మిట్ లేదు. 1974 జల కాలుష్య నివారణ చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి రెండు అనుమతులు ఇస్తుంది. కట్టే ముందు సీఎఫ్ఈ, నడిపే ముందు సీఎఫ్ఓ. వాన నీటి కాలువ వేరు, వ్యర్థ జలాల కాలువ వేరు ఉండాలి అనే షరతు ఈ అనుమతుల్లో తరచుగా కనిపిస్తుంది. ఇక వ్యర్థ జలాలు నదులు, కాలువల్లోకి వదలాలంటే జాతీయ ప్రమాణం ఒకటుంది. నీటిలో తేలియాడే ఘన పదార్థాలు, అంటే టీఎస్ఎస్, లీటరుకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. నూనె, గ్రీజు 10 దాటకూడదు. విచిత్రం ఏంటంటే, అమెరికా ఫ్యాక్టరీల వాన నీటి జనరల్ పర్మిట్‌లో కూడా టీఎస్ఎస్‌కి గీత 100 దగ్గరే ఉంది. కాబట్టి డిజైన్ చేసేటప్పుడు 100నే లక్ష్యంగా పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. భయపడకండి, టెన్త్ క్లాస్ లెక్కే.

ఒక హెక్టారు యార్డు తీసుకుందాం. మన భాషలో దాదాపు రెండున్నర ఎకరాలు. అంతా కాంక్రీటే. పడిన వాన మొత్తాన్నీ వడగట్టలేం, అవసరం కూడా లేదు. మురికిలో ఎక్కువ భాగం మొదటి వాన నీళ్లతోనే కొట్టుకొస్తుంది. అందుకే మొదటి 25 మిల్లీమీటర్లు పట్టుకుందాం. అందులో 90 శాతం పారుతుంది అనుకుంటే 225 ఘనపు మీటర్లు, అంటే 2,25,000 లీటర్లు. వీధిలోకి వచ్చే 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 45. ఒక్క యార్డు, ఒక్క వాన, 45 ట్యాంకర్లు!

ఈ నీళ్లని నేరుగా ఇసుక మీద పోయకూడదు. పోస్తే మొదటి సీజన్‌లోనే ఇసుక మూసుకుపోతుంది. ముందు సెటిలింగ్ ట్యాంకు ఉండాలి, అంటే నీళ్లు తేరుకునే తొట్టి. బరువైన మట్టి అక్కడే దిగిపోతుంది. పైన తేరిన నీళ్లే ఇసుక మీదకి రావాలి. అమెరికాలో టెక్సాస్‌లోని ఆస్టిన్ నగరం 1980ల నుంచి ఈ పద్ధతి వాడుతోంది. బార్టన్ స్ప్రింగ్స్ అనే ఊటల్ని కాపాడుకోవడానికి మొదలుపెట్టారు. అందుకే దీన్ని ఆస్టిన్ ఫిల్టర్ అనే అంటారు. అక్కడున్న మన తెలుగువాళ్లు రోజూ వాటి పక్కనుంచే వెళ్తుంటారు, గమనించి ఉండకపోవచ్చు!

ఇసుక ఎంత విస్తీర్ణం కావాలి? 1856లో ఫ్రాన్స్‌లో డార్సీ అనే ఇంజనీరు ఇసుక గొట్టాల్లో నీళ్లు పోసి కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ వాడతాం. నీటి పరిమాణాన్ని ఇసుక మందంతో గుణించండి. మందం 45 సెంటీమీటర్లు. 225 ఇంటూ 0.45, సుమారు 101. దీన్ని మూడు అంకెల లబ్ధంతో భాగించాలి. ఒకటి, ఇసుకలో నీరు దిగే వేగం, రోజుకి 1 మీటరు. రెండు, ఇసుక మీద నీటి సగటు ఎత్తు 0.6, దానికి ఇసుక మందం 0.45 కలిపితే 1.05. మూడు, ఖాళీ అవ్వడానికి టైము 40 గంటలు, అంటే 1.67 రోజులు. మూడూ గుణిస్తే 1.75. 101ని 1.75తో భాగిస్తే 58 చదరపు మీటర్లు. ఒకటిన్నర సెంటు కూడా లేదు! రెండున్నర ఎకరాల యార్డుకి ఒకటిన్నర సెంటు ఇసుక. సెటిలింగ్ ట్యాంకు ఒకటిన్నర మీటర్ల లోతులో కడితే దానికి ఇంకో నాలుగు సెంట్లు.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. కొత్త ఇసుకలో నీళ్లు రోజుకి 1 మీటరు కంటే చాలా వేగంగా దిగుతాయి. కొందరు ల్యాబ్‌లో వచ్చిన ఆ పెద్ద అంకె వేసి, విస్తీర్ణం తగ్గించి, డ్రాయింగ్ పాస్ చేయించుకుంటారు. కానీ మనం కడుతున్నది బురద పట్టిన ఇసుక కోసం. అందుకే 1 మీటరే వేయాలి.

మన ఊరికి వచ్చే అసలు తలనొప్పి ఎత్తు. 0.6 సగటు అంటే గరిష్ఠంగా 1.2 మీటర్ల నీళ్లు. ఇసుక, కంకర, పైపు కలిపితే దగ్గర దగ్గర రెండు మీటర్ల దిగుడు కావాలి. సూళ్లూరుపేట, తడ వైపు నేల చదును. అంత దిగుడు ఎక్కడ తెస్తాం? అందుకని నీటి ఎత్తు సగం చేయండి. సగటు 0.3 అవుతుంది. అదే లెక్క మళ్లీ వేస్తే 81 చదరపు మీటర్లు, రెండు సెంట్లు. లోతు తగ్గితే చోటు పెరుగుతుంది, అంతే. చదును నేలలో భూమి ఇచ్చి లోతు మిగుల్చుకోవాలి.

రెండో తలనొప్పి, బయటి కాలువ. మనకి ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను గుర్తుందిగా? అలాంటప్పుడు కాలువే నిండిపోతుంది. ఫిల్టర్ పైపు కాలువ నీటిమట్టం కంటే కింద ఉంటే నీళ్లు బయటికి పోవడం కాదు, వెనక్కి వస్తాయి. ఆ కాలువ ఎండాకాలంలో ఎలా ఉందో చూసి డిజైన్ చేయకండి. నవంబరులో ఎంత ఎత్తు వరకు వస్తుందో పక్క టీ కొట్టు అన్నని అడగండి, గోడ మీద మరక చూపిస్తాడు. పైపు నోరు ఆ మరకకి పైన ఉండాలి. కుదరకపోతే వెనక్కి రాకుండా ఫ్లాప్ గేటు పెట్టాలి.

మూడోది, బైపాస్. మొదటి 25 మిల్లీమీటర్లు నిండాక మిగతా వాన తొట్టిలోకి రాకుండా పక్కనుంచి వెళ్లిపోవాలి. లేకపోతే వరద తొట్టిలో దూరి, అడుగున దిగిన బురదనంతా రేపి, మళ్లీ కాలువలో పోస్తుంది. మనం కష్టపడి పట్టిన దొంగని మనమే వదిలేసినట్టు. ఇంకొకటి, అడుగు కాంక్రీటు వేసి మూసేయాలి. బరువు కూడా సరిచూడాలి. భూగర్భ జలం పైకొచ్చినప్పుడు ఖాళీ తొట్టి పడవలా పైకి లేస్తుంది.

ఇసుక విషయానికొస్తే, బీచ్ ఇసుక వద్దు. అది సన్నం, పైగా ఉప్పు. కాంక్రీటుకి వాడే కడిగిన ఇసుక కావాలి. గాజు సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి బాగా ఊపి పెట్టండి. కాసేపయ్యాక ఇసుక పైన మందంగా బురద పొర కనిపిస్తే ఆ లోడు వెనక్కి పంపేయండి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని లెక్క. మంచి ఇసుక ఫిల్టర్ టీఎస్ఎస్‌ని 80 శాతం తగ్గిస్తుందని అనుకుందాం. లోపలికి 500 వస్తే బయటికి 100. జస్ట్ పాస్. లోపలికి 800 వస్తే బయటికి 160. ఫెయిల్! ఫిల్టర్‌లో తప్పేం లేదు, యార్డు ఊడవలేదు అంతే. సెప్టెంబరులోనే యార్డు ఊడ్చి, మట్టి కుప్పల మీద పట్టా కప్పితే అదే ఫిల్టర్ పాసవుతుంది. చీపురు కూడా డిజైన్‌లో భాగమే, ఫ్రెండ్స్.

ఫిల్టర్ చేయలేని పనులు కూడా చెప్పాలి. నీటిలో కరిగిపోయినవాటిని ఇసుక పట్టుకోదు. నైట్రేట్, ఉప్పు, రేకుల కప్పు నుంచి కరిగి వచ్చే జింక్ చాలావరకు దాటిపోతాయి. ఫ్యాక్టరీ వ్యర్థ జలాన్ని ఇందులో కలిపి వాన నీళ్లే అని చెప్పడం అయితే నేరం.

చివరిగా, ఎవరు గీకుతారు? ఇసుక పైన రెండు మూడు సెంటీమీటర్లలోనే బురద పేరుకుంటుంది. పార, తట్ట పట్టుకుని ఆ పొర తీసి, కొత్త ఇసుక వేయాలి. జేసీబీ దింపితే ఇసుక అణిగిపోతుంది. తీసిన బురదని పక్క కాలువలో పోస్తే మొత్తం కథ వృథా. ఎవరు తీస్తారు, ఎక్కడికి పంపుతారు, ఏటా ఎంత ఖర్చు అనేది డ్రాయింగ్ రోజే రాసుకోవాలి. మెట్లు, దిగే దారి కూడా అప్పుడే పెట్టాలి.

ఎప్పుడు గీకాలో ఎలా తెలుస్తుంది? దీనికి మీ ఫోన్ చాలు. తొట్టిలో ఒక కొలబద్ద పాతి గీతలు పెట్టండి. వాన ఆగాక ఒక ఫోటో, 40 గంటల తర్వాత ఇంకో ఫోటో. నీళ్లు దిగితే ఓకే. మూడో రోజు కూడా నిలబడి ఉంటే గీకే టైమ్ వచ్చినట్టే. ఈ ఫోటోలు తేదీలతో ఫైల్‌లో ఉంచండి. తనిఖీకి వచ్చినవాళ్లకి మీ మాట కంటే అవి గట్టిగా మాట్లాడతాయి.

మీలో సివిల్ చదువుతున్నవాళ్లు, తడ, మాంబట్టు, శ్రీసిటీ వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు ఒక డ్రాయింగ్ మీ టేబుల్ మీదకి వస్తుంది. మూడు ప్రశ్నలు అడగండి. నీళ్లు దిగే వేగం ఎంత వేశారు? నవంబరులో కాలువ మట్టం ఎంత? గీకేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే అది ఫిల్టర్ కాదు, ఇసుక నింపిన తొట్టి. పర్మిట్ కాగితం మీద సంతకం ఎండాకాలంలో కూడా అవుతుంది. పులికాట్ మాత్రం నవంబరులోనే చూస్తుంది.

ఈ వీడియో మీ ఊళ్లో యార్డు ఉన్నవాళ్లకి ఒక్కరికైనా పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.