ధరల లెక్క ఎలా కడతారు?

నరసరావుపేట బజారులో కందిపప్పు ధర పెరిగితే ఇల్లాలికి వెంటనే తెలుస్తుంది. మరి ప్రభుత్వానికి?

కుటుంబాలు దేనికెంత ఖర్చు పెడుతున్నాయో ముందుగా సర్వే చేస్తారు. బియ్యం, నూనె, ఇంటి అద్దె, మందులు, బస్సు చార్జీ... ఖర్చులో ఎక్కువ వాటా ఉన్నదానికి లెక్కలోనూ ఎక్కువ బరువు. ఆపైన ఎంచుకున్న దుకాణాల్లో అవే సరుకుల ధరలు క్రమం తప్పకుండా సేకరిస్తారు.

ఇలా వచ్చే అంకెనే ధరల సూచీ అంటారు. పారిశ్రామిక కార్మికుల సూచీ కోసం కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో ఎంచుకున్న 88 కేంద్రాల్లో మన పొరుగునున్న గుంటూరు ఒకటి. ఈ సూచీలో 2016 ధరలను 100గా తీసుకున్నారు. సూచీ 140 అయితే, అప్పటి వంద రూపాయల సరుకులకు ఇప్పుడు 140 కావాలన్నమాట. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం దీన్నిబట్టే మారుతుంది. మాచర్ల, గురజాల పొలాల్లో పనిచేసే కూలీల వంటివారి కోసం వ్యవసాయ కార్మికుల సూచీ వేరే ఉంది.

ధరలు రాసుకోవడానికి సిబ్బంది వస్తే, వ్యాపారులారా, అమ్మే ధరే చెప్పండి. ఎందరి జీతాలో, కూలీలో ఆ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి.