కంప్యూటరు ప్రోగ్రాములు: మాదిరులు, గుణములు

చిట్టమూరు ప్రాంతమువారమగు మాకు శ్రీహరికోట ఇరుగుపొరుగు వంటిది. రాకెట్టు లేచుననగా పిల్లలు పెద్దలు మిద్దెలెక్కి దక్షిణపు దిక్కునకు చూచుచుందుము. 2023 అక్టోబరు 21 ఉదయమున మాత్రము చాలసేపు వట్టి ఆకాశమునే చూచితిమి. గగన్‌యాన్ పరీక్షా వాహనము లేచుటకు 5 సెకన్ల ముందు, ఏదో తేడా కనబడినదని కంప్యూటరు తనంతట తానే ప్రయోగమును నిలిపివేసినది. లోపము సవరించిన పిమ్మట 10 గంటలకు వాహనము లేచినది.

ఆగినందుకు నిట్టూర్చితిమి గాని, ఆ ప్రోగ్రామును కూర్చినవారు కోరిన గుణమే అది. ప్రోగ్రాము ఏ పని చేయవలెననునది ఒక ప్రశ్న. ఎంత భద్రముగ, ఎంత వేగముగ చేయవలెననునది వేరొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నకే అనుభవమున నిగ్గుతేలిన మాదిరులు అక్కరకు వచ్చును. ఈ భావన ఇండ్ల నిర్మాణమునుండి వచ్చినది. వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్ సహచరులతో కలిసి 1977లో 253 మాదిరులను ప్రకటించెను. 1994లో గామా మొదలగు నలుగురు ప్రోగ్రాములకు 23 మాదిరులను కూర్చిరి. ప్రోగ్రాము మార్పునకు సులువుగ లొంగవలెననుటే వానిలో పెక్కింటి ఉద్దేశము.

అయితే ఒక గుణమునిచ్చు మాదిరి మరొకదానిని కొంత హరించును. అనుమానము కలిగిన ఆగుమన్నచో భద్రత దక్కును, వేళ తప్పును.

జంట మాదిరిని చూడుడు. మా వైపు రొయ్యల గుంటలవద్ద కరెంటు పోయినచో ఏరియేటర్లు ఆగకుండ డీజిలు ఇంజను ఉంచుకొందురు. అది చెడునేమోయని రెండవది కొనవచ్చును. కాని రెండింటికిని ఒకే పీపాలోని నీరు కలిసిన డీజిలు పోసినచో రెండును ఆగును. 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలో ఏరియాన్-5 రాకెట్టునకు ఇట్లే జరిగినది. దిశ తెలుపు కంప్యూటర్లు రెండు. రెండింటను ఏరియాన్-4 నాటి ప్రోగ్రామే. క్రొత్త రాకెట్టు వేగపు అంకె ఆ ప్రోగ్రాము కేటాయించిన 16 బిట్ల చోటునకు మించెను. మొదట తోడు కంప్యూటరు, క్షణములో అసలు కంప్యూటరు మూగవోయినవి. సుమారు 40 సెకన్లలో రాకెట్టు ముక్కలైనది. యంత్రము చెడుటకు జంట మందు. ఆలోచనలోని తప్పునకు కాదు.

అందుచేతనే ఎయిర్‌బస్ ఎ-320 విమానమును నడుపుటకు రెండు జాతుల కంప్యూటర్లు, వేర్వేరు ప్రోగ్రాములతో అమర్చిరి. వ్రాయుట, పరీక్షించుట, సవరించుట అన్నియు రెండేసి మారులు, వ్యయము చెప్పనక్కరలేదు. రొయ్యల గుంటకు అంత అవసరము లేదు. రెండవ ఇంజనుకు వేరొక పీపాలోని డీజిలు పోసిన చాలును.